మడియు, మనశ్శాంతియు



గతమాసమున మాకు అందిన జాబులలో ఒకటి చాలదినములు మా మనస్సున మెదలుచుండినది. వ్రాసినయామె మనవంటి గృహిణియే. ఆమె కుమార్తె హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నది. ఆ పిల్ల సంధ్యవేళ దీపము వెలిగింపదట. శ్రావణ శుక్రవారమున ఎవరికిని వాయనమీయదట. అడిగినచో, "అమ్మా, నాకు మతముతో పనిలేదు, ఆధ్యాత్మికత చాలును" అని చెప్పి, గదితలుపు వేసికొని ఇరువది నిమిషములు కన్నులు మూసికొని కూర్చుండునట. "ఈ రెంటికిని భేదమేమి? మనస్సు నిలకడగా నుండుటకు ఏది మేలు? మీరు పెద్ద గ్రంథములు చదివినవారు గనుక చెప్పుడు" అని ఆ తల్లి మమ్ము అడిగినది.

మేము చదివినదెల్ల మా నాయనగారు వీధియరుగుమీద కూర్చుండబెట్టి చెప్పినంత మాత్రమే. అయినను అడిగినంతనే ప్రత్యుత్తరము వ్రాయబూనితిమి. నాలుగు పుటలు వ్రాసి, మరల చదివికొని, చించివేసితిమి. పుస్తకములలోని మాటలన్నియు అందుండెను గాని మా ప్రక్కయింటి సంగతి అందు లేదు. అది చెప్పక ఈ ప్రశ్నకు ఉత్తరమిచ్చుట మాకు నిజాయితీగా తోచలేదు. ఆ యింటివారి అనుమతి గైకొని ఇప్పుడు వ్రాయుచున్నాము.

ముందుగా మాటల సంగతి. మతమనగా తలచబడినది, అభిప్రాయము. పూర్వులు "నా మతమిది" అని వ్రాసినప్పుడు "నా అభిప్రాయమిది" అనియే భావము. ఒకరి తలపు పదిమందిది అయి, ఆ పదిమందికి ఒక గుడియు, ఒక పండుగయు, ఒక పిండివంటయు, చచ్చినవారికై ఏడ్చుటకు ఒక పద్ధతియు ఏర్పడినపుడు, దానిని మనమిప్పుడు మతమనుచున్నాము. ఆధ్యాత్మికమనగా ఆత్మనుగూర్చినది, తనకు సంబంధించినది. గీతలో ఎనిమిదవ అధ్యాయమున అర్జునుడు అధ్యాత్మమనగానేమి అని అడుగగా, స్వభావమే అధ్యాత్మమని సమాధానము వచ్చినది. ఒకటి పదిమందితో కూడి చేయునది, మరొకటి తనలో తాను చూచుకొనునది అని స్థూలముగా చెప్పుకొనవచ్చును.

అయితే ఆధ్యాత్మికమను మాటకు మరియొక పాత అర్థము కలదు. సాంఖ్యులు దుఃఖమును మూడువిధములుగా విభజించిరి. గాలివాన, పిడుగు, గ్రహబాధ మొదలగునవి ఆధిదైవికములు. పాము, దొంగ, శత్రువు మొదలగువారివలన వచ్చునవి ఆధిభౌతికములు. తన దేహమునందును మనస్సునందును పుట్టు జ్వరము, భయము, శోకము, అసూయ ఇవి ఆధ్యాత్మికములు. పూజాంతమున మనము మూడుమారులు శాంతి శాంతి అనుట ఈ మూటినిగూర్చియే అని పెద్దలు చెప్పుదురు. నేటి పిల్లలు ఈ మాటను అత్తరువలె పూసికొనుచున్నారు గాని, సాంఖ్యుల లెక్కలో అది ఒక బాధపేరు. మనస్సు జబ్బు పడుననియు, అది తనలోనే పుట్టుననియు ఎరిగినవారే ఆ పేరు పెట్టిరి.

ఇక మా ప్రక్కయింటివారి సంగతి. వారు మాకు దూరపు బంధువులు. ఆ ఇల్లాలిని మేము వదినా అని పిలుతుము, ఆమెయు మమ్ము అట్లే పిలుచును. మాకంటె నాలుగేండ్లు పెద్దది. కాపురమునకు వచ్చినప్పుడు ఆమె అందరివలెనే మడికట్టెడిది. స్నానము చేసి, దండెముమీద ఆరిన మడిచీరను కఱ్ఱతో దింపి కట్టుకొని, వంటయు నైవేద్యమును ముగించి, భోజనములైన తరువాత ఆ మడి విడిచెడిది. రెండుగంటల పని. వారి అత్తగారు ఉన్నంతకాలము ఆ మడి కట్టుదప్పలేదు, హద్దును దాటలేదు.

అత్తగారు పోయిన సంవత్సరమునుండి మడి పెరుగజొచ్చినది. మొదట స్నానమునకు పోవుటకుముందు కుళాయిని కడుగుట మొదలుపెట్టినది. తరువాత కుళాయిని కడిగిన చెంబును, చెంబు కడిగిన చేతిని, ఆ చేతితో ముట్టిన తలుపుగొళ్లెమును. దండెముమీది చీరపై కాకి ఎగిరినదేమో అను అనుమానము వచ్చిన, ఆ చీర మరల నీటిలో పడవలసినదే. ఉదయము ఆరుగంటలకు స్నానమునకు పోయినయామె పదునొకండింటికి గాని వెలుపలికి రాదు. మధ్యాహ్నమునకే మేడమీది నీళ్లతొట్టి రెండుమారులు నిండి ఖాళీయగును. చేతులు పగిలి రక్తము చిమ్మును. రక్తము మైల గనుక మరల కడుగవలెను. కడిగినకొలది మరల చిమ్మును.

వారి కుమారుడు అప్పుడు తొమ్మిదేండ్లవాడు, మావారి తరగతిలోనే చదువుచుండెను. బడినుండి వచ్చిన పిల్లవాడు గడపవెలుపల నిలువవలెను. సంచి అక్కడనే దింపి, బట్టలు విడిచి, తల్లి లోపలినుండి వచ్చి నీళ్లుపోయువరకు వేచియుండవలెను. "అమ్మా, ఆకలి" అని వాడనును. "ఒక్కక్షణము నాన్నా" అని లోపలినుండి ఆమె అనును. ఆ క్షణము దీపములవేళకు గాని ముగియదు. ఒకనాడు మావారు బడికి తాళము వేయబోవుచుండగా వాడు బల్లమీదనే కూర్చుండి, "మాస్టారూ, ఇంకొంచెముసేపు ఇక్కడనే కూర్చుందునా?" అని అడిగెనట. మావారు ఇంటికి వచ్చి ఆ మాట మాకు చెప్పి, చాలసేపు మాటాడక కూర్చుండిరి.

ఇంత జరుగుచుండగా మేమేమి చేసితిమి? మెచ్చుకొంటిమి. వరలక్ష్మీవ్రతమునాటి పేరంటమున పదిమందియెదుట, "మడియనిన వదినదే మడి, మనమందరము ఉత్తుత్తివారము" అంటిమి. కూర్చున్నవారందరు అవునవుననిరి. ఆమె నవ్వలేదు. మేము దానిని వినయమనుకొంటిమి. ఆమె తరువాత ఎప్పుడో మాతో చెప్పినది: "మీరామాట అన్నప్పుడు, ఇక దీనినుండి బయటపడుటకు దారిలేదని నాకు తోచినది వదినా. ఇది బాధయని ఎవరితో చెప్పుకొనగలను? అందరును పుణ్యమనుచుండిరి గదా." ఈ వాక్యము వ్రాయుచు మేము రెండుమారులు కలము క్రింద పెట్టితిమి.

చివరకు దారి చూపినది చేతుల పగుళ్లే. వారి భర్తగారు ఆమెను చర్మవైద్యునియొద్దకు కొనిపోయిరి. ఆ వైద్యుడు చేతులు చూచి, మందుచీటి వ్రాయుటకు ముందు, "అమ్మా, రోజునకు ఎన్నిమారులు కడుగుదురు?" అని అడిగెను. ఆమె చెప్పలేకపోయినది. భర్తగారు చెప్పిరి. అప్పుడాయన ఆమెను మానసిక వైద్యునియొద్దకు పంపెను. బంధువులలో పెద్ద గొడవ రేగినది. "మడికట్టుకొనుట పిచ్చియా? వైద్యులకు దేవుడు లేడా?" అని కొందరనిరి. "ఏదో దోషము తగిలినది, శాంతి చేయింపుడు" అని మరికొందరనిరి. రెండు శాంతులు జరిగినవి. వాని తరువాత కడుగుట మరింత హెచ్చినది, ఏలన ఆ శాంతియు సరిగా మడితో జరిగినదో లేదో అను క్రొత్త శంక పుట్టినది.

వైద్యుడు చెప్పినదానిని మాకు తెలిసినంత తేటగా చెప్పుదుము. దీనిపేరు ఆబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఓ.సి.డి. అని పిలుచుట వాడుక. వద్దన్నను మరల మరల వచ్చిపడు తలపు ఒకటి, ఆ తలపు రేపిన కలవరమును అణచుటకు చేయు పని మరొకటి. కడిగినంతనే క్షణకాలము హాయి కలుగును. ఆ హాయియే మనస్సునకు, కడిగితివి గనుక బ్రదికితివి అని పాఠము చెప్పును. అందుచేత మరునాడు శంక ఇంకను బలముగా వచ్చును. మనకు ఏ పనిచేసినను చాలునను మాట లోపలినుండి వినబడును. ఈ జబ్బులో ఆ మాట వినబడదు. ఇది భక్తి ఎక్కువయగుటచే రాదు, తక్కువయగుటచేతను రాదు. ఎవరికి ఏది ప్రాణప్రదమో దానినే పట్టుకొనుట దీని స్వభావము. పిల్లలే ప్రాణమైన తల్లికి పిల్లలకు కీడు చేయుదునేమో అను భయముగా వచ్చును. పూజయే ప్రాణమైనయామెకు పూజలో వచ్చును.

వదిన వైద్యునితో తప్ప ఎవరితోను చెప్పని మాట ఒకటి ఉండెను. ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాము. అమ్మవారికి కుంకుమపూజ చేయుచుండగా, నోట నామములు పలుకుచుండగా, మనస్సులో బూతుమాటలు వచ్చెడివట. ఇంతటి పాపిష్ఠి మరియొకతె లేదని ఆమె నమ్మినది. కడిగికొనుటలో సగము ఆ మాటలను కడిగికొనుటకే. సోదరీ, ఇది చదువు నీకును అట్టి తలపులు వచ్చుచున్నచో, అవి నీ కోరికలు కావు, నీ గుణము కాదు. అవి ఈ జబ్బులో తరచుగా కనబడు లక్షణములు, వైద్యులు ప్రతిదినమును వినునవియే. నీవు చెప్పినంతమాత్రమున ఏ వైద్యుడును ఉలికిపడడు.

మన తెలుగువారు దీనికి ఏనాడో ఒక పేరు పెట్టియున్నారు. చాదస్తమనుచున్నాము గదా, అది ఛాందసమునుండి వచ్చినది. ఛందస్సనగా వేదము, ఛాందసుడనగా వేదము చదివినవాడు. అంతటి గౌరవపుమాట వాడుకలో పడి పట్టువిడుపు లేనితనమునకు పేరాయెను. ఇది మనవారికి మాత్రమే చెందినదియు కాదు. జెసూటు సంఘమును స్థాపించిన స్పెయిను దేశీయుడు ఇగ్నేషియస్ లొయోలా 1522లో మాన్రేసా అను ఊరిలో నున్నప్పుడు, తాను చెప్పుకొన్న పాపములను పూర్తిగా చెప్పుకొనలేదేమో అను శంకచే మరల మరల చెప్పుకొనుచు, ప్రాణము తీసికొనవలెనను తలపువరకు పోయెను. ఆ మతమువారు ఇట్టి శంకను లాటిను భాషలో చిన్న వాడిరాయి అనునర్థముగల మాటతో పిలిచిరి. చెప్పులో దూరిన రాయివలె అడుగడుగునకు గుచ్చును. ముసల్మానులు నమాజునకు ముందు చేయు ప్రక్షాళనమును చాలలేదని మరల మరల చేయించు సంశయమును వస్వాస్ అందురు. మూడుమతముల పెద్దలును దీనిని గుర్తించిరి, మూడుమతములవారును దీనిని భక్తియని భ్రమపడిన సందర్భములు కలవు.

చికిత్స రెండువిధములు. ఒకటి మందులు. అవి వారములకొలది వాడిన తరువాత గాని గుణమీయవు. పదిదినములకే మానివేయుట చాలమంది చేయు పొరపాటు. రెండవది అభ్యాసము. లండనులో విక్టర్ మేయర్ అను మనస్తత్త్వవేత్త 1966లో ప్రకటించిన పద్ధతి దీనికి మొదలు. శంక కలిగించు వస్తువును ముట్టవలెను, ముట్టి కడుగక కూర్చుండవలెను. కలవరము పొంగును, ఇక ప్రాణము పోవునేమో అనిపించును, కొంతసేపటికి తనంతట తానే తగ్గును. ఇది పుస్తకమున ఒక్కవాక్యము. వదిన తలుపుగొళ్లెమును ముట్టి, చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్న మొదటిదినమున మేము ప్రక్కన ఉంటిమి. గడియారములో నలుబది నిమిషములు గడచినవి. ఆమె నుదుట చెమట పట్టి కుంకుమ కారినది. మేము ప్రసవవేదనలు చూచినవారమే గాని ఇట్టిది చూడలేదు.

ఇక్కడ వారి పురోహితునిగూర్చి చెప్పవలెను, ఏలన మేలు చేసినవారిలో ఆయనయు నొకరు. ఆయనయందు గురియున్నది గనుక ఆయననే పిలుచుకొనిరండని వైద్యుడు చెప్పెను. మేము మరొక శాంతి చెప్పునేమో అని భయపడితిమి. ఆయన వచ్చి, కూర్చుండి, మనుస్మృతి ఐదవ అధ్యాయములోని మాట చెప్పిరి: అశుద్ధియైనట్లు కంటికి కనబడనిది శుద్ధము; నీటితో కడిగినది శుద్ధము; శుద్ధమని పెద్దలు పలికినది శుద్ధము. "కడిగినది అన్నారు గాని నూరుమారులు కడిగినది అనలేదమ్మా. కాకి ఎగిరినదేమో అనుకొనుటకు శాస్త్రములో లెక్కలేదు, నీవు చూచితివా లేదా అనునదే లెక్క" అనిరి. వదిన ఏడ్చినది. తరువాత దినమునకు ఏబదిమారులు భర్తను, "ఇది మడియేనా, చెప్పుడు" అని అడుగజొచ్చినది. మూడవ నియమమును ఆ విధముగా పట్టుకొనినది! వైద్యుడు ఆ ప్రశ్నకు ఒక్కమారు తప్ప ఉత్తరమీయవద్దనెను. ప్రశ్నకు ఉత్తరమిచ్చుటయు కడుగుటవంటిదేనట. భార్య బతిమాలుచుండగా నోరు మూసికొని కూర్చుండుట ఆ భర్తగారికి ఎంత కష్టమైనదో మేమెరుగుదుము.

ఇంతకును ఆమెను బాధపెట్టినది మతమా? కాదు, జబ్బు. అయితే ఆ జబ్బు మడిచీర కట్టుకొని వచ్చినది గనుక ఎవరును దానిని గుర్తింపలేదు, మేమును మ్రొక్కితిమి. మతమునకు హద్దులున్నవి, ఆ హద్దును చూపినవారును మతములోనివారే. లోపించినది మరొకటి. దీపము పెట్టిన తరువాత లోపల ఏమి జరుగుచున్నదో అడుగువారు లేకపోయిరి. ఆమె తన్ను తానును అడుగలేదు, మేమును అడుగలేదు. దానినే మేము ఆధ్యాత్మికమనుకొనుచున్నాము. (మడి పేరున మనము తోడిమానవులను, మన అంట్లు తోమినవారినే, గడపవెలుపల నిలిపిన పాపమొకటి కలదు. అది వేరొక మాసమున వ్రాయవలసినది, మరువలేదు.)

అంతమాత్రముచే ఆ హైదరాబాదు పిల్ల చెప్పినది సరియని, బాహ్యమైనదంతయు వదలవచ్చునని మేమనము. మా నాయనగారు పోయినప్పుడు మాకు లోపల ఏమియు లేకపోయినది. భక్తి లేదు, శోకమైనను సరిగా లేదు. గోడవలె ఉంటిమి. చదివిన వేదాంతములో ఒక్క ముక్కయు అక్కరకు రాలేదు. అప్పుడు పండ్రెండు దినములును మమ్ము నడిపినది తంతు మాత్రమే. ఈపూట ఇది వండవలెను, రేపు వీరు వచ్చెదరు, పదవనాడు ఇది చేయవలెను, అని ఎవరో చెప్పుచుండిరి, మేము చేయుచుంటిమి. ఊరివారు వచ్చి కూర్చుండి, నాయనగారు ఎవరెవరికి అప్పుగా పుస్తకములిచ్చి మరచిపోయిరో చెప్పి నవ్వించిరి. పదునొకండవనాటి రాత్రి, అరటియాకులు తుడుచుచుండగా, ఏడుపు వచ్చినది. ఆ తంతు లేకపోయిన, తలుపు వేసికొని ధ్యానమునకు కూర్చున్నచో, మేమేమగుదుమో తెలియదు.

ఒంటరిగా లోపలికి చూచుటలోను పొరపాటు పడుటకు అవకాశమున్నది. తరిగొండ వెంగమాంబ పేరు మీరెరుగుదురు. బాల్యముననే వితంతువై, శిరోముండనమునకు ఒప్పుకొనక, తిరుమల చేరి గ్రంథములు వ్రాసిన తల్లి. ఆమె ద్విపదగా వ్రాసిన వాసిష్ఠ రామాయణము మా నాయనగారి పెట్టెలోనుండెడిది. ఆ కథలో రాముడు తీర్థయాత్రలనుండి మరలివచ్చి, అన్నము సహింపక, చిక్కి, పాలిపోయి, దేనియందును ఇచ్చలేక కూర్చుండును. పరివారము వచ్చి దశరథునితో మొరపెట్టుకొనును. మేము చిన్ననాట దీనిని వైరాగ్యమని మాత్రమే చదివితిమి. ఇప్పుడు చదివినచో, రాజకుమారునికి వైరాగ్యము వచ్చినదని సంతోషించి ఊరకుండక, అతనిని సభకు పిలిపించి, లోపలనున్నది చెప్పుమని అడిగి, అతడు చెప్పినదంతయు వినిరే, ఆ పని మాకు గొప్పగా కనబడుచున్నది. వసిష్ఠుడు బోధించినది గదిలో కాదు, పదిమంది కూర్చున్న సభలో. మనస్సు బాధకు ఆధియనియు దేహబాధకు వ్యాధియనియు పేర్లు పెట్టి, మొదటిదానినుండి రెండవది ఎట్లు పుట్టునో చెప్పినదియు ఆ వాసిష్ఠమే.

మా బంధువులలో ఒక చిన్నది, కాన్పైన మూడవనెలనుండి ఎవరితోను మాటాడక, బిడ్డను ఎత్తుకొనక, కన్నులు మూసికొని గంటలకొలది కూర్చుండెడిది. జ్ఞానము కలిగినదనుకొనిరి. అది జ్ఞానము కాదు, ప్రసవానంతరమున వచ్చు దిగులుజబ్బు, మందుతో నయమైనది. ధ్యానము చాలమందికి మేలుచేయుననుట నిజమే. కాని కొందరికి, ముఖ్యముగా పూర్వమొకప్పుడు మనస్సు చెదరినవారికి, ఏకాంతమున దీర్ఘకాలము కూర్చుండుటచే భయము హెచ్చుటయు కలదు.

లోకమున దీనికి రెండు ఉదాహరణములు చెప్పెదము, రెండును తమిళనాటివే. 2002లో ఒక బ్రిటిషు వైద్యపత్రికలో బెంగళూరు వైద్యులు మొదలగువారు ఒక పరిశోధనను ప్రకటించిరి. ముత్తుస్వామి అను సాధువు సమాధిపై కట్టిన ఒక గ్రామాలయమునకు తీవ్రమైన మానసికరోగులను బంధువులు కొనివచ్చి అక్కడనే ఉండుట ఆచారము. అట్టివారిని 31 మందిని వైద్యులు పరీక్షించిరి. వారు సగటున ఆరువారములు ఉండిరి. పగ్గములు లేవు, దెబ్బలు లేవు, రుసుము లేదు. ఉదయమున చిన్న పూజ, తరువాత ఆవరణము ఊడ్చుట, మొక్కలకు నీళ్లు పోయుట, తోడుగా ఇంటివారొకరు. రోగలక్షణముల కొలత దాదాపు నూటికి 20 వంతులు తగ్గినది. కొన్ని మందులు చేయు మేలునకు ఇది సమానమని వారు వ్రాసిరి. రోగులు కొద్దిమందియే, పోల్చుటకు మరొక గుంపు లేదు, కనుక దీనినిబట్టి మందులు మానుడని ఎవరును అనరాదు. అయినను, దేవునిసన్నిధిని ఒక చల్లనిమాటయు ఒక చిన్నపనియు ఇచ్చినచో మనస్సు కొంత కుదుటబడునని తెలిసినది.

రెండవది ఎర్వాడి. రామనాథపురము జిల్లాలోని ఆ ఊరి దర్గాకు అన్నిమతములవారును రోగులను కొనివచ్చెదరు. ఆ దర్గాపేరు చెప్పుకొని చుట్టుప్రక్కల వెలసిన ఆశ్రయములలో ఒకదానియందు 2001 ఆగస్టు 6వ తేదీన వేకువజామున నిప్పంటుకొనెను. లోపలివారికి గొలుసులు వేసియుండిరి. 28 మంది మరణించిరి. దేవునిపేరు రెండుచోట్లను ఒకటే, గొలుసులలో మాత్రము భేదము. 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఎవరినైనను ఏవిధముగానైనను గొలుసులతో కట్టుటను నిషేధించినది. ఇంటిలోనే కట్టివేసి పూజలు చేయించు కుటుంబములు మన ఊళ్లలో లేవని మేము చెప్పలేము.

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ పండ్రెండు రాష్ట్రములలో జరిపిన పరిశీలనలో, పెద్దవారిలో నూటికి పదిమందికి మించి ఏదో యొక మానసికబాధతో ఉండిరి. వారిలో అత్యధికులకు చికిత్స లేదు. అనగా మన పేరంటమునకు వచ్చు ముత్తైదువలలోనే ఒకరో ఇద్దరో. ఎవరితోను చెప్పుకొనలేనివారు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును; ప్రభుత్వము 2022 అక్టోబరులో దీనిని నెలకొల్పినది, ఖర్చులేదు. దేవునిముందు చెప్పుకొనుట మానుమని మేమనుట లేదు, వైద్యునితోను చెప్పుకొనుమనుచున్నాము.

ఇక ఆ తల్లికి. అమ్మా, మీ కుమార్తెను దీపమునుగూర్చి ఇక అడుగవలదు. నిద్ర పట్టుచున్నదా, అన్నము సహించుచున్నదా, స్నేహితురాండ్రతో మునుపటివలె మాటాడుచున్నదా, ఇవి అడుగుడు. ఆ ఇరువది నిమిషములైన తరువాత తలుపు తీసికొని వచ్చి "అమ్మా, ఏమి వండితివి?" అని అడుగుచున్నచో, ఆమె కూర్చున్నది మంచిచోటనే. తలుపు తీయుట దినదినమునకు ఆలస్యమగుచున్నచో, ఆ దినమే మీరు రైలెక్కుడు. మరియు, అమ్మా, ఇది మీరడుగలేదు గాని, మీ వ్రతములైన తరువాత మీ మనస్సు ఎట్లున్నదో మీరును ఒకమారు చూచుకొనుడు. తేలికపడినదా? లేక ఏదో తప్పు జరిగినదను భయముతో లేచితిరా?

వదిన ఇప్పుడును మడికట్టుచున్నది. వైద్యుడు మానుమనలేదు, ఆమెకును మాన ఇష్టము లేదు. స్నానమునకు పావుగంట, గడియారము చూచుకొని. మందు ఇంకను వాడుచున్నది. పండుగలదినములలో శంక మరల తల యెత్తును, రెండువారములు బాధపెట్టి తగ్గును. పూర్తిగా పోయినదని ఆమె అనదు.

పోయిన కార్తికమున ఒక సాయంకాలము మేము వారి వంటింటిలో కూర్చుండి తులసికోటకు ఒత్తులు చేయుచుంటిమి. పిల్లవాడు బడినుండి వచ్చి, సంచి భుజముననే ఉండగా, తిన్నగా లోపలికి వచ్చి, డబ్బా మూత తీసి జంతికలు తీసికొనెను. వదిన ఆ సంచివైపు చూచినది. గోడమీది గడియారమువైపు చూచినది. ఆమె వ్రేళ్లు చీరకొంగును రెండుమారులు నలిపినవి. వాడు గోడకు ఆనుకొని, కాళ్లు చాపుకొని, నములుచు, బడిలో ఎవరో పడిన సంగతి చెప్పుచుండెను.

"పాలు పొంగుచున్నవేమో చూడుడు వదినా" అని ఆమె మాతో అన్నది.